కండువా కింది చెయ్యి

ఎనుమాముల యార్డుల, రికార్డు రూమ్ మూలకు
పాత తక్‌పట్టీల కట్టల నడుమ ఒక డబ్బా ఉన్నది.
ఫ్యాను తిరుగుతది, పచ్చలైటు కొట్టుకుంటది.
మిర్చి సీజన్‌ల నేను తుమ్మినప్పుడల్లా
అది గూడ గుర్రుమంటది.
నెలకోసారి పొట్ట విప్పి ఎర్రటి దుమ్ము దులుపుత.
ఆ పొద్దంతా కండ్లు నలుపుకోవద్దు.

పేరు ప్రాక్సీ.
కొన్నప్పుడు సెక్రటరీ సారుకు చెప్పిన:
"కోటగోడ అసుంటిది సార్."
"వరంగల్ల కోటకేం కొదువ" అని నవ్వి సంతకం పెట్టిండు.
తప్పు పోలిక చెప్పిన.
మట్టికోట వెనుక రాతికోట, దాని వెనుక రాజు అని
దూరంకెల్లే తెలుస్తది.
శత్రువు లెక్క పెట్టుకొనే బయలెల్లుతడు.

నాకు యాదికొచ్చేది బాపు ఎడ్లు కొన్న అంగడి.
ఇద్దరు మనుషులు, నడుమ ఒక కండువా.
కండువా కింద వేళ్లు వేళ్లను పట్టుకున్నయి.
చుట్టూ అంతమంది నిలబడి చూసిన్రు,
ఒక్కనికి గూడ ధర తెల్వలే.
నేను బాపు మొకంల వెతికిన. అక్కడ గూడ లేదు.

లోపల పదకొండు కంప్యూటర్లు.
గేటుకాడిది ఒకటి, కాంటాల కాడ రెండు,
తక్‌పట్టీ కౌంటర్ల నాలుగు,
మిగిలినయి ఎందుకున్నయో ఆడిట్‌కే తెలుసు.
ఏదీ బయటి దునియాతోని నేరుగ మాట్లాడది.
"తేజ రకం ఖమ్మంల ఎంత పలికింది?" అని ఓదెలు అడిగితే
డబ్బా తన పేరు మీద పోయి అడుగుతది,
మక్కల బస్తాకు సూజ గుచ్చి గుప్పెడు తీసి చూసినట్టు చూసి
అప్పుడు ఓదెలు ముందట పెడతది.
అడ్తిదారు లెక్కనే.
కాకపోతే అడ్తి తీసుకోదు, తరుగు కొట్టది.

ఒకనాడు జెండాపాటకు ముందు
మొగిలికి మెయిలొచ్చింది:
కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కట్.
మొగిలి భయస్తుడు. ఒత్తిండు.
తెల్లటి తెర మీద నేను రాసిపెట్టిన రెండు ముక్కలు లేచినయి:
ఈ తొవ్వ బంద్. పని ఉంటే వచ్చి అడుగు.
వచ్చిండు. అడగలే, తిట్టిండు.
"మా ఇంట్ల చీకటైతే నువ్వొస్తవా దీపం పట్టుకొని?"
బయట ముప్పై వేల బస్తాలు.
కాంటాలు నడిచినయి, పట్టీలు చింపిచ్చిన్రు,
హమాలీలు చాయ తాగిన్రు.
ఏం కాని దినానికి పేపర్ల జాగ దొరకది.

అయితే ఈ డబ్బా రాసుకుంటది.
ఎవలు ఏమడిగిన్రో రాయది,
ఏ గడప ముందట ఎంతసేపు నిలబడ్డరో రాస్తది.
మూడో కౌంటరు. సాయంత్రం ఐదు దాటినంక.
హైదరాబాదుల గడ్డల దవాఖాన, పన్నెండు నిమిషాలు.
తెల్లారి అదే, ఇరవై.
బుధవారం హన్మకొండల ఒక స్కానింగు సెంటరు.
అక్కడ డబ్బా అడ్డం పడ్డది:
ఆఫీసు పని కాదు అనే జాబితాల ఉన్నదట.
జాబితా నేను చేసిందే.
ఈ తొవ్వ బంద్. పని ఉంటే వచ్చి అడుగు.
ఆమె రాలే.

మూడో కౌంటరు నఫీసాది.
పగటాళ్ల తన డబ్బాల సగం రొట్టె నాకు పెట్టే నఫీసాది.
బయటోని కంట్లె పడకుంట దాచిన చెయ్యిని
కండువా కింద పట్టుకున్నది నేనేనని
ఆ రాత్రి దాకా నాకు తట్టలే.

స్కానింగు సెంటరు పేరు జాబితాలకెల్లి తీసేసిన.
ఒక్కటే తీస్తే ఆనవాలు పడ్తది,
దవాఖానలన్నీ తీసిన.
తొంభై రోజులు దాచే రాతలను
ఏడు రోజులకు దించిన.
కారణం అనేకాడ "జాగ సాలుతలేదు" అని రాసిన.

సోమవారం కుర్చీ ఖాళీ.
మంగళవారం వచ్చింది, రొట్టె తెచ్చింది,
చింపుతుంటె వేళ్లు ఆగినయి.
కండ్లు ఎర్రగున్నయి.
"మిర్చి ఘాటు" అన్నది.
"అవు," అన్న,
"ఈసారి ఘాటు ఎక్కువనే ఉన్నది."